మంచు మీద వెల్వెట్

ఫిగర్ స్కేటింగ్ దుస్తుల్లో సాగే వెల్వెట్ చాలాకాలంగా వాడుకలో ఉంది. పడుగు పేకలతో నేసే పాత వెల్వెట్ సాగదు. సాగే వెల్వెట్ మాత్రం అల్లిక బట్ట. పాలిస్టర్ లేదా నైలాన్ పోగుకు కొద్దిగా స్పాండెక్స్ కలుపుతారు. 1958లో అమెరికాలోని డూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ స్పాండెక్స్‌ను రూపొందించాకే ఇలాంటి బట్టకు దారి పడింది. ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది, చలికి కాస్త వెచ్చగానూ ఉంటుంది. కానీ అసలు విలువ దాని నూగుది. నునుపైన స్పాండెక్స్ బట్ట దీపకాంతిని ఒకే తీరున మెరిపిస్తుంది. వెల్వెట్‌లో ఒళ్లు వంగిన చోటల్లా నీడ చిక్కబడి, కదలిక దూరపు వరుసలకూ స్పష్టంగా కనబడుతుంది.

నూగుకు దిశ ఉంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుకుగా తగులుతుంది. నూగు పైకి ఉండేలా కత్తిరిస్తే రంగు చిక్కగా, కిందికి ఉంటే లేతగా మెరుస్తూ కనిపిస్తుంది. ఏ దిశ ఎంచుకున్నా అన్ని ముక్కలకూ అదే పాటించాలి. ఒక్క ముక్క తలకిందులైనా ఒకే తాను బట్ట రెండు రంగుల్లా తేలుతుంది. కుట్టాక దాన్ని దిద్దే వీలు లేదు. అందుకే బట్ట ఎక్కువ పట్టినా నమూనా కాగితాలన్నీ ఒకే దిశలో పరుస్తారు. మడతపెడితే పొరలు జారతాయి కనుక, ఒంటి పొరగా నూగు కిందికి తిప్పి, వెనకవైపు సుద్దతో గీసి కత్తిరించడమే మేలు.

బట్ట ఎక్కువగా సాగే దిశ ఒంటి చుట్టూ రావాలి. అంతమాత్రాన సరిపోదు, నిలువునా సాగాలి. భుజం మీది నుంచి కాళ్ల మధ్యగా వెనక్కి వెళ్లి మళ్లీ అదే భుజానికి చేరే చుట్టుకొలత ఈ దుస్తుకు ప్రాణం. అది చాలకపోతే చెయ్యెత్తగానే భుజాలు గుంజుతాయి. ఛాతీ, నడుము కొలతలు మాత్రమే తీసుకుని కుట్టిన దుస్తులు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి.

కుట్టేటప్పుడు ఎదురెదురు నూగులు ఒకదాన్నొకటి తోసుకుని పై పొర ముందుకు జరిగిపోతుంది. గుండుసూదులు దీన్ని పూర్తిగా ఆపలేవు. ముందుగా చేత్తో కచ్చా కుట్టు వేయడం ఓపిక పరీక్షే, కానీ దానికి సాటి లేదు. మిషను పాదం ఒత్తిడి తగ్గించి, నూగు వాలిన దిశలోనే కుట్టాలి. మామూలు సూది అల్లికను తెంపుతుంది, కుట్లు తప్పిస్తుంది. సాగే బట్టల కోసం చేసిన 75 నంబరు సూది కావాలి. తిన్నని కుట్టు సాగదీసినప్పుడు పుటుక్కున తెగుతుంది. సన్నని జిగ్‌జాగ్ గానీ ఓవర్‌లాక్ గానీ బట్టతోపాటు సాగుతుంది.

నూగు మీద ఇస్త్రీపెట్టె ఆనితే ఆ మచ్చ పోదు. ఇంకో వెల్వెట్ ముక్క మీద బోర్లా పరిచి, వెనక నుంచి ఆవిరి మాత్రమే పట్టిస్తారు.

లంగా పూర్తిగా వెల్వెట్‌తో కుడితే బరువెక్కి, తిరిగేటప్పుడు సరిగా లేవదు. దానికి షిఫాన్ లేదా సన్నని వల బట్ట వాడడం ఉత్తమం. అలంకరణ రాళ్లు అతికించేటప్పుడు జిగురు నూగు కొసల మీదే నిలిచిపోకుండా బట్ట దాకా దిగాలి, లేదంటే రాళ్లు కుట్టేయాలి. ఎందుకంటే పోటీలో దుస్తుల భాగం ఏదైనా మంచు మీద రాలితే ఒక మార్కు కోత పడుతుంది.