నాటిన చెయ్యి కనబడని చెట్టు

మన ఏజెన్సీ ఊళ్లలో పనస ఇంటి చెట్టు. దాని దగ్గరి చుట్టం ఒకటి పసిఫిక్ మహాసముద్రపు దీవుల్లో ఉంది. మన భాషలో దాన్ని సీమపనస అంటాం. కాయను నిప్పుల మీద కాలిస్తే లోపలి గుజ్జు రొట్టెలా మెత్తగా ఉంటుందని ఇంగ్లీషువాళ్లు ‘బ్రెడ్‌ఫ్రూట్’ అని పేరు పెట్టారు. తహితి దీవివాళ్లు దాన్ని ‘ఉరు’ అంటారు. చెట్టు ఒకటే. కానీ పంతొమ్మిదో శతాబ్దపు పుస్తకాల్లో పెరిగిన రొట్టెచెట్టు వేరు, తహితివాళ్ల ఇంటి పక్కన పెరిగిన ఉరు వేరు. ఆ తేడాను మనం పట్టుకోవాలి. అడవిని నమ్ముకుని బతికే మన గురించి రాసిన రాతల్లోనూ అదే తేడా ఉంది.

1769లో కెప్టెన్ కుక్ ఓడ తహితి చేరింది. అందులో వెళ్లిన జోసెఫ్ బ్యాంక్స్ ఈ చెట్టును చూసి ఆశ్చర్యపోయాడు. ఒక మనిషి జీవితంలో పది చెట్లు నాటితే చాలు, తన పిల్లలకు చేయాల్సింది చేసినట్టే, మన రైతు ఏటా దున్ని, కోసి పడే కష్టం వాళ్లకు లేదు అని అతని అభిప్రాయం. 1773లో అచ్చయిన ప్రయాణ గ్రంథం ద్వారా ఈ మాట ఇంగ్లండంతా పాకింది. ఒక్క సంగతి గమనించండి. బ్యాంక్స్ మాటలో కష్టం తగ్గింది కానీ చెట్టు నాటే మనిషి ఇంకా ఉన్నాడు.

ఆ చెట్టు మీద మొదట కన్నుపడింది వెస్టిండీస్ చెరకు తోటల యజమానులకు. ఆఫ్రికా నుంచి తెచ్చి బానిసలుగా మార్చిన మనుషులకు చౌకగా తిండి కావాలి. చెరకు పండే నేల మాత్రం తిండి పంటకు పోకూడదు. అందుకని ప్రభుత్వం 1787లో విలియం బ్లైని ‘బౌంటీ’ ఓడతో తహితి పంపింది. వెయ్యికి పైగా మొక్కలు ఓడకెక్కాయి. 1789 ఏప్రిల్ 28న నావికులు తిరగబడి బ్లైని చిన్న పడవలో వదిలేశారు, మొక్కలను సముద్రంలోకి విసిరేశారు. ఈ తిరుగుబాటు కథతోనే రొట్టెచెట్టు పేరు ఇంటింటికీ తెలిసింది. బ్లై మళ్లీ వెళ్లి 1793లో మొక్కలను సెయింట్ విన్సెంట్, జమైకా దీవులకు చేర్చాడు. బానిసలు మొదట్లో ఆ కాయను ముట్టలేదు. తమకు అలవాటైన అరటి, పెండలమే తిన్నారు. కాయలు పందులకు పోయాయి.

ఇంగ్లండు పాఠకుల మనసులో మిగిలింది మాత్రం ఈ బానిసల కథ కాదు. బైరన్ 1823లో ఆ ఓడ తిరుగుబాటు మీదే ‘ది ఐలాండ్’ అనే కావ్యం రాశాడు. ఇటలీలో కూర్చుని రాశాడు, పసిఫిక్ ఎన్నడూ చూడలేదు. అందులో రొట్టెచెట్టు నాగలి లేకుండా, కోత లేకుండా పంటనిస్తుంది. పొయ్యి రాజేసే పని కూడా లేదు. బ్యాంక్స్ చెప్పిన పది చెట్లు నాటిన మనిషి ఈ కావ్యంలో లేడు. యాభై ఏళ్లలో అతను చెట్టు కింద నుంచి మాయమైపోయాడు.

నిజం వేరు. తహితి వైపు దీవుల్లో పెంచే ఉరు రకాల్లో చాలావాటికి గింజ ఉండదు. గింజ లేని చెట్టు అడవిలో తనంతట తాను మొలిచి దీవి నుంచి దీవికి పోలేదు. వేరు నుంచి వచ్చిన పిలకను ఎవరో తవ్వి తీయాలి. పడవలో ఉప్పునీరు తగలకుండా రోజుల తరబడి కాపాడాలి. కొత్త నేలలో నాటి బతికించాలి. మంచి కాయ కాసే చెట్టునే ఎంచుకుని దాని పిలకలే పెంచుతూ వచ్చినందుకే అన్ని రకాలు తయారయ్యాయి. ‘ప్రకృతి ఇచ్చింది’ అన్న చెట్టు నిజానికి తరతరాల వ్యవసాయం.

హెర్మన్ మెల్విల్ అమెరికా రచయిత. 1842లో మార్కెసాస్ దీవుల్లో ఒకటైన నుకు హివాలో కొన్ని వారాలు అక్కడి జనంతో ఉన్నాడు. ఆ అనుభవంతో 1846లో ‘టైపీ’ రాశాడు. వాళ్లంటే అతనికి ఇష్టం, తెల్లవాళ్ల నాగరికత మీద కోపం. అయినా ఒకచోట, ఇక్కడ బతుకు కోసం తవ్వడం, దున్నడం ఎవరికీ తెలియదు, ప్రకృతే చెట్లు నాటింది అంటాడు. అదే పుస్తకంలో ఇంకోచోట ఆ జనం కాయలు కోసి, దంచి, పులియబెట్టి, ఆకుల్లో చుట్టి, గోతుల్లో పూడ్చి, ఏళ్ల తరబడి దాచుకునే పద్ధతిని వివరంగా వర్ణిస్తాడు. అంత పనీ కళ్లారా చూశాడు. పని అని పేరు పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. తిట్టే రాతే కాదు, మెచ్చుకునే రాత కూడా మన కష్టాన్ని తుడిచేయగలదు.

1857లో బాలంటైన్ రాసిన ‘కోరల్ ఐలాండ్’ పిల్లల నవల. ఓడ మునిగి ముగ్గురు అబ్బాయిలు మనుషులు లేని దీవికి చేరతారు. అక్కడ రొట్టెచెట్టు సిద్ధంగా ఉంటుంది. ఒకడు తను చదివిన పుస్తకాల నుంచి దాని ఉపయోగాలు వల్లిస్తాడు. దీవివాసులు తర్వాతెప్పుడో, భయపెట్టే నరభక్షకులుగా వస్తారు. చెట్టు ముందు, మనిషి తర్వాత. ఇది చదివిన పిల్లవాడికి చెట్టు ఎవరిదీ కాదనే అనిపిస్తుంది. బాలంటైన్ కూడా పసిఫిక్ చూడలేదు. అదే నవలలో కొబ్బరికాయ గురించి తప్పు రాసి, ఆ సంగతి తర్వాత తానే ఒప్పుకున్నాడు.

తహితివాళ్లు చెప్పుకునే కథ ఇంకోలా ఉంటుంది. రయాటియా దీవిలో కరువొచ్చి జనం ఎర్రమట్టి తింటున్న రోజుల్లో రువాతాతా అనే తండ్రి పెళ్లాం పిల్లల ఆకలి చూడలేక తానే చెట్టుగా మారాడు. అతని ఒళ్లు మాను అయింది, చేతులు ఆకులయ్యాయి, తల కాయ అయింది. కవి చెట్టు కింద నుంచి మనిషిని తీసేశాడు. ఆ జనం మనిషినే చెట్టులో చూశారు.

ఇప్పుడు మన ఇప్పచెట్టు కిందికి వద్దాం. ‘అడవి పెడుతుంది, వీళ్లు ఏరుకు తింటారు’ అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు? పువ్వు రాలకముందే చెట్టు కింద ఆకులు ఊడ్చేది ఎవరు? చీకటితో లేచి వంగి వంగి ఏరేది, ఎండబెట్టేది, వానాకాలానికి దాచేది ఎవరు? మన అమ్మలు. ఈ చెయ్యి కనబడకపోతే కొండ ఖాళీగా కనబడుతుంది. ఖాళీ కొండను రిజర్వు అడవి అనడం తేలిక. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత జరిగింది అదే. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మన హక్కును ఒప్పుకుంది. ఆ హక్కు అడగడానికి వెళ్లినవాడు ఈ చెట్లతో తన ఊరికున్న పనిని వరుసగా చెప్పగలగాలి.

టీచర్లకు ఒక మనవి. పాఠంలో చెట్టు వస్తే దాని ఉపయోగాలు రాయించి ఊరుకోకండి. దాన్ని ఎవరు నాటారు, ఎవరు కాపాడారు, కాపు ఎలా దాస్తారు అని పిల్లల చేత ఇంట్లో అడిగించండి. అవ్వ చెప్పింది చెప్పినట్టు, ఇంటి భాషలో మాటలతో సహా రాయించండి.