తూటా ఎరిగిన చెయ్యి

పెద్ద తుపాకీకి తగిన తూటా ఎంచుకోవడం ఒకప్పుడు షికారీల విద్య. వన్యప్రాణి చట్టాలతో ఆ వేటకు తెరపడింది. గోదావరిఖని బొగ్గుబాయిల్లో మాత్రం బొగ్గు పగలగొట్టే పేలుడుమందు తూటా ఎంపిక ఇప్పటికీ ప్రాణాల సంగతే. అక్కడ దాన్ని పేల్చే షాట్‌ఫైరర్ పనితనం నాకు అపురూపం. ముందు మీథేన్ ఉందేమో చూస్తాడు, తగిలిందా, పేల్చడు. మామూలు మందు మంట ఆ గ్యాసును అంటిస్తుంది, అందుకే బొగ్గుగనులకు అనుమతించిన రకాలే వాడాలి. కింద కోత పెట్టని గట్టి బొగ్గుకైతే వాటిలో పీ5 రకం తూటా. దాన్ని కర్రతోనే నెడతాడు, ఇనుము తగలనివ్వడు. మిగిలిన రంధ్రాన్ని మట్టిముద్దలతో బిగిస్తాడు. ఆ బిగింపులోనే ఉంది విద్యంతా: మట్టి వదులైతే మందు బలం గాలిపాలు, మంట బయటికి. అందరూ దూరం జరిగాకే పేలుస్తాడు. పొగ తగ్గాక, పేలని తూటా మిగిలిందేమోనని ముందు లోపలికి వెళ్లేదీ అతడే.