ఇల్లు విడిచినవాళ్లు, ఇల్లు పోయినవాళ్లు

ఉద్యోగ విరమణ తర్వాత ఇల్లు అమ్మేసి, ఎక్కడా స్థిరపడకుండా ఊరూరా తిరుగుతూ శేషజీవితం గడపడం ఒక ఆదర్శంగా మధ్యతరగతిలో ప్రచారమవుతున్నది. దీన్ని గురించిన రాతల్లో రెండు మాటలు తరచు వినిపిస్తాయి: స్వేచ్ఛ, నిర్మోహం. మొదటిది ధనిక దేశాల నుంచి వచ్చింది. రెండోది మన వానప్రస్థం నుంచి అరువు తెచ్చుకున్నది. ఈ మాటల కింద వున్న ఆర్థిక పునాది ఏమిటన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. ఇల్లు లేకపోవడం ఒకరికి స్వేచ్ఛ, మరొకరికి శిక్ష ఎందుకవుతున్నది? ఈ తేడా పట్టించుకోని యాత్రారచన ఎంత అందంగా వున్నా సగం నిజమే చెబుతుంది.

ఈ విషయంలో మనకొక గీటురాయి తొలినాటి తెలుగు యాత్రాగ్రంథంలోనే వుంది. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవాడు. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె 1838లో 'కాశీయాత్ర చరిత్ర'ను అచ్చువేయించేనాటికి ఆయన బతికిలేడు. ఆయన శాశ్వతంగా ఇల్లు వదిలినవాడు కాదు, సెలవు పెట్టి పోయినవాడు. అయినా పదిహేను నెలలు బాట మీదే సంసారం నడిపాడు. వెంట దాదాపు నూరుమంది పరివారం. పల్లకీ మోసినవాళ్లు బోయీలు. ఆయన ఆచారాలను నమ్మినవాడు, కంపెనీ పాలనను మెచ్చుకున్నవాడు. ఈ పరిమితులను దాచనక్కర లేదు. కాని ఆ పుస్తకం నేటికీ నిలిచి వుండడానికి కారణం అందులోని భక్తి కాదు. దారి ఎట్లా వుంది, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది, శ్రీశైలం పోయే యాత్రికుల దగ్గర కందనూరు నవాబు పన్ను ఎట్లా రాబట్టుకుంటున్నాడు అన్నవి ఆయన రాసిపెట్టాడు. తన యాత్ర ఎవరి భుజాల మీద, ఎవరి డబ్బు మీద సాగిందో పాఠకుడికి తెలియనిచ్చాడు.

శ్రీశైలం చూసుకొని ఆయన కృష్ణ దాటినది నివృత్తి సంగమం దగ్గర. నందికొట్కూరుకు ఉత్తరాన, భవనాశి వచ్చి కృష్ణలో కలిసేచోటు అది. ఇప్పుడు సంగమేశ్వరమంటున్నాం. నివృత్తి అంటే విడిచి మరలడం. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఆ క్షేత్రం మునిగింది. ఇటు కర్నూలు జిల్లాలో, అటు మహబూబ్‌నగర్ జిల్లాలో దాదాపు నూరు గ్రామాలు మునిగి, లక్షమంది దాకా ఇళ్లు విడిచారు. వాళ్లలో ముసలివాళ్లూ వున్నారు. వాళ్ల నివృత్తిని ఎవరూ వైరాగ్యమనలేదు. నిర్వాసిత కుటుంబానికొక ఉద్యోగమంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. దాన్ని పట్టుకొని ఆఫీసుల చుట్టూ వాళ్ల పిల్లలు చేసిన ప్రదక్షిణలు ఏ యాత్రాచరిత్రకూ ఎక్కలేదు. ఆ జలాశయం నీళ్లు పోతిరెడ్డిపాడు మీదుగా పోయి 1996లో మద్రాసు చేరాయి. వీరాస్వామయ్య బయలుదేరిన ఊరు అదే. నీటిమట్టం తగ్గిన ఎండాకాలంలో సంగమేశ్వరాలయం బయటపడుతుంది. యాత్రికులు వస్తారు, వేపమాను లింగాన్ని చూసి రాసుకొని పోతారు. రాతల్లో గుడి వుంటుంది, మునిగిన ఊళ్లు వుండవు.

నీళ్లకు మునిగినవాళ్లు కొందరైతే, నీళ్లు లేక ఇల్లు విడిచేవాళ్లు ఇంకా ఎందరో. కర్నూలు పడమటి ప్రాంతంలో దానికి పేరు సుగ్గి. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు పల్లెల నుంచి కుటుంబాలు మిరపకోతకు, పత్తితీతకు గుంటూరు దిక్కు పోతాయి. అవ్వాతాతలు మనమలను పెట్టుకొని ఊళ్లో వుంటారు. చేతనైతే వాళ్లూ మూట కట్టుకుంటారు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలయింది. దాన్ని ఇంటి దగ్గరికే తెచ్చిస్తారు. నడవలేనివాళ్లకు ఇది మేలే. కాని సుగ్గికి పోయిన అవ్వ దానికోసం ఊళ్లో వుండాలి. సర్కారు ఉద్యోగం చేసి దిగినవారి పింఛనుకు ఆ బాధ లేదు. రామేశ్వరంలో వున్నా హరిద్వారంలో వున్నా బ్యాంకులో పడుతుంది. బతికేవున్నట్టు ఏటా ఇచ్చే ధ్రువపత్రం కూడా ఎక్కడినుంచైనా ఇయ్యవచ్చు. అంటే చిరునామా లేకుండా తిరగగలగడమన్నది మనసు పక్వతకు సంబంధించిన విషయమే కాదు, ఆదాయపు స్వభావానికి సంబంధించినది కూడా.

ధనిక దేశాల సంగతీ ఇంతే. జెస్సికా బ్రూడర్ అనే పత్రికా రచయిత్రి 2017లో 'నోమాడ్‌లాండ్' అనే పుస్తకం రాసింది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఇళ్లు నిలుపుకోలేని అమెరికన్ వృద్ధులు వ్యాన్లలో కాపురాలు పెట్టి, బీటుదుంపల పంటకూ అమెజాన్ గిడ్డంగులకూ కూలికి తిరిగిన కథ అది. బయటినుంచి చూస్తే అదీ విశ్రాంత జీవుల దేశసంచారమే. 2020లో అది సినిమాగా వచ్చి, మరుసటి సంవత్సరం ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందింది. పుస్తకంలో గిడ్డంగి శ్రమ కేంద్రమైతే సినిమాలో ఒంటరి మనిషి, విశాలమైన ఆకాశం కేంద్రమయ్యాయి. శ్రమ పక్కకు జరిగితే దారిద్ర్యం కూడా సౌందర్యంగా కనిపిస్తుందని చెప్పడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

అయితే ముప్ఫయ్యేళ్లు బడిలో సుద్దముక్క పట్టిన పంతులు, రిటైరయ్యాక దేశం చూడాలనుకోవడం తప్పా? ఎంతమాత్రం కాదు. దాన్ని విలాసమని కొట్టివేసే విమర్శ సంకుచితమైనది. విశ్రాంతి శ్రమజీవి హక్కు, పింఛను దయాధర్మం కాదు. కాని ఆ హక్కే కరిగిపోతున్నది. 2004 సెప్టెంబరు 1 తర్వాత మన రాష్ట్రంలో కొలువులో చేరినవారిని కంట్రిబ్యూటరీ పింఛనులోకి నెట్టారు. పాత పింఛనుకోసం ఉద్యోగ సంఘాలు ఉద్యమించవలసి వచ్చింది. నేటి పంతులు తిరగగలుగుతున్నాడంటే అది పాత పింఛను ఇచ్చిన బలం. తన తర్వాతి తరం పంతులుకు ఆ బలం వుంటుందా అని యాత్రారచయిత ఒక్క పుటలోనైనా అడగవద్దా?

రాహుల్ సాంకృత్యాయన్ తన 'ఘుమక్కడ్ శాస్త్ర'లో సంచారికి స్వావలంబన వుండాలన్నాడు. తిరిగేవాడు ఇతరులకు భారం కారాదని దాని అర్థం. మన యాత్రారచయితలు ఇంకొక అడుగు వెయ్యాలి. తాము ఎవరి శ్రమకు బాకీపడ్డారో రాయాలి. సత్రంలో గది ఊడ్చినామె కూలి ఎంత, బస్సు నడిపినవాడికి సెలవు వుందా, చూడబోయిన గుడి పక్కన ఊరు ఏమయింది అని విచారించాలి. కరువును, వలసను సింగమనేని నారాయణ, కేతు విశ్వనాథరెడ్డి వంటి సీమ కథకులు ఎన్నడో సాహిత్యంలోకి తెచ్చారు. కథ చేసిన పని యాత్రారచన ఇంకా చేయవలసే వుంది. నందికొట్కూరులో బస్సు దిగి సంగమేశ్వరం పోదలచిన రచయిత ముందుగా ముంపు పల్లెలవాళ్లు ఇప్పుడెక్కడున్నారో అడిగి, వాళ్ల గడపలు తొక్కి, ఆ తర్వాత గుడికి పోవడం మేలు.