మిఠాయి సీసా చెప్పని మాట

జగిత్యాల జిల్లా మల్లాపూర్ వంటి ఊరిలో, పల్లీలు సరిపడని బిడ్డకు మిఠాయి కొనుట చిన్న పని కాదు. పల్లీపట్టిని పల్లీలతో చేయుదురని అందరికిని తెలియును. సద్దుల బతుకమ్మనాటి పల్లీల పొడియు అట్టిదే. కంటికి కనిపించు పల్లీని తప్పించుకొనవచ్చును. చిక్కంతయు కనిపించనిదానితోనే.

అట్టి బిడ్డ శరీరము వేరుసెనగలోని కొన్ని మాంసకృత్తులను శత్రువులుగా ఎంచి, వానికై ఐజిఇ అను ప్రతిరక్షకములను సిద్ధపరచుకొని యుండును. ఆ మాంసకృత్తు మరల కొద్దిగా చేరినను, కొన్ని కణములనుండి హిస్టమిన్ మున్నగు రసాయనములు ఒక్కసారిగా వెలువడును. దద్దురులు లేచును, పెదవులు వాచును, వాంతులగును. ఒక్కొక్కప్పుడు ఊపిరి ఆడక, రక్తపుపోటు పడిపోయి ప్రాణము మీదికి వచ్చును. కొందరికి కొన్ని మిల్లిగ్రాములే చాలును.

కనుక పొట్లముపై ఏమి వ్రాసియున్నదో చదువుట తప్ప వేరు దారి లేదు. మన దేశమున 2020 నాటి ఆహార లేబులింగు నిబంధనల ప్రకారము వేరుసెనగ, జీడిపప్పు, బాదము మొదలైనవి కలిసియున్నచో ఆ సంగతిని ప్రత్యేకముగా ముద్రింపవలెను. ఇది మెచ్చదగినదే. అయితే ఆ ముద్రణ ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలోని హిందీలోనో ఉండిన చాలును. తెలుగు ఉండవచ్చునని మాత్రమే అన్నారు. ఉండి తీరవలెనని అనలేదు.

అంతకంటె పెద్ద లోపము ఇంకొకటి. పొట్లపు వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లకు మించనిచో దానిపై పదార్థముల పట్టిక ఉండనక్కరలేదు. అట్టివానిని నింపి పంపు పెద్ద సంచిపై ఉండిన చాలును. విద్యార్థులు ఒక రూపాయి చాక్లెటు కాగితమును విప్పి, స్కేలుతో కొలిచి చూడవచ్చును. పలుమార్లు అది ఆ హద్దుకు లోపలనే తేలును. ఇక కిరాణా దుకాణములో ఏమి జరుగును? పెద్ద సంచిని చింపి, చాక్లెట్లను గాజుసీసాలో పోసి, సంచిని అవతల పారవేయుదురు. చట్టము కోరిన అక్షరములు చెత్తబుట్టలో చేరును. పిల్లవాని చేతికి వట్టి రంగుకాగితము వచ్చును. సంచి నేరుగా ఇంటికి చేరునన్న ఊహపై ఈ నిబంధన నిలిచియున్నది. మల్లాపూర్‌లో కాదు, హైదరాబాదు గల్లీలోనైనను ఆ ఊహ నిలువదు.

విడిగా అమ్ము మిఠాయి సంగతియు ఇంతే. వానిని ఎన్నాళ్లలోపల తినవలెనో పళ్లెముల వద్ద వ్రాసి ఉంచవలెనని 2020 అక్టోబరు 1 నుండి ఆదేశించిరి. తేదీ వ్రాయగల చేయి "ఇందులో జీడిపప్పు కలదు" అని వ్రాయలేదా?

ఈ వ్యాధి మన దేశమున అరుదు కదా అని కొందరందురు. నిజమే. 2020లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో, దక్షిణ భారత పాఠశాల బాలలలో అన్ని రకముల ఆహారపు అలర్జీలును కలిపి నూటికి 0.14 మాత్రమే, అనగా పదివేలమందిలో సుమారు 14. కాని పుట్టినరోజున తరగతిలో చాక్లెట్లు పంచు పిల్లవానికి ఆ ఒక్కరు ఎవరో తెలియదు. పల్లీలను నిందించుట ఇక్కడ ఉద్దేశము కాదు. తక్కిన బాలలకు అవి చవకలో దొరకు మంచి ఆహారము.

ఇట్టి బిడ్డకు హోళీనాటి చక్కెర పేర్లు, కలకండ కొంత నయము. వానిలో ఉండునది చక్కెరయే. అయినను పల్లీపట్టి చేసిన పళ్లెములో పోసినవి కాకూడదు. బూందీవంటివి ఏ నూనెలో వేయించిరో అడుగవలెను. బాగుగా శుద్ధిచేసిన వేరుసెనగ నూనెలో మాంసకృత్తు దాదాపు ఉండదు; గానుగ నూనెలో మిగులును. ఆరోగ్యమునకు మంచిదని గానుగ నూనె వెదకి కొనువారు ఈ ఒక్క బిడ్డ విషయములో జాగ్రత్తపడవలెను.

ఊపిరి ఆడనిచో దురదమాత్ర చాలదు. తొడ కండరములో ఎడ్రినలిన్ ఇంజక్షను వెంటనే పడవలెను. కావున బడిలో అట్టి బిడ్డ ఉన్నచో, సమీపమున ఆ మందు ఏ ఆసుపత్రిలో ఏ వేళ దొరకునో ప్రధానోపాధ్యాయుడు ముందే విచారించి ఉంచవలెను. నిబంధనలు మారువరకు దుకాణదారు చేయగల పని ఒకటి కలదు: సంచిపైనున్న ఆ ముక్కను కత్తిరించి సీసాకు అంటించుట. దానికి కత్తెర, కొంచెము జిగురు చాలును.