విద్యుత్ కారుల పందెము: సాగరతీరమున, కొండదారిని

కవాడిగూడ నుండి ట్యాంకుబండు ఎక్కి నిలిచిన వారికి హుస్సేన్ సాగరమునకు ఆవలి గట్టున ఎన్.టి.ఆర్. మార్గము కనబడును. 2023 ఫిబ్రవరి 11వ తేదీన ఆ మార్గమును, దాని చుట్టుపట్ల వీధులను కలిపి 2.835 కిలోమీటర్ల పందెపు బాటగా మార్చినారు. విద్యుత్తుతో నడుచు కారులకు జరుగు ఫార్ములా-ఇ ప్రపంచ పోటీ భారతదేశమున జరుగుట అదే మొదలు. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచినాడు. మరుసటి ఏటి పోటీ 2024 జనవరిలోనే రద్దయినది. ఖర్చును గూర్చిన వివాదము న్యాయస్థానములకు ఎక్కినది. ఆ లెక్క వేరు. ఇక్కడ విచారింపవలసినది ఒక్కటే. ఆ పోటీని విద్యుద్వాహన విజ్ఞానమునకు ప్రదర్శనమని ప్రజలకు చెప్పినారు. ఆ పేరుకు అది తగియున్నదా?

చూడవచ్చిన వారికి దక్కినది వేగము, సన్నని ఈలవంటి మోత. విజ్ఞానము దక్కవలసిన చోట తికమక దక్కినది. బాటపై మూడవవాడుగా వచ్చిన స్విట్జర్లాండు దేశస్థుడు సెబాస్టియన్ బ్యూమీకి, అనుమతించిన దానికంటె ఎక్కువ శక్తి వాడినందుకు 17 సెకన్లు కలిపి, వెనుకకు నెట్టినారు. మూడవ స్థానము పోర్చుగల్ దేశస్థుడైన ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు పోయినది. పందెములో బలము చూపినందుకు శిక్షయా అని సామాన్యుడు ఆశ్చర్యపడిన, తప్పు అతనిది కాదు. పోటీలో మోటారు మామూలుగా 300 కిలోవాట్లకు మించి లాగరాదు. బ్యాటరీలో గల శక్తియు పరిమితమే. కనుక ఇది కాళ్ల బలపు పోటీ కాదు, పొదుపు పోటీ. ఆ రోజున జరిగిన వాటిలో అన్నిటికంటె బోధకమైన సంగతి ఈ శిక్షయే; పత్రికలలో దానికి దక్కినది ఒకటి రెండు పంక్తులు.

పొదుపు ఎక్కడ జరుగును? బ్రేకు వద్ద. డ్రైవరుతో కలిపి 840 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగమున వచ్చి, మలుపు వద్ద 60కి తగ్గినదనుకొన్నచో, అది వదలుకొనవలసిన గతిశక్తి సుమారు 0.33 యూనిట్లు. యూనిట్లనగా ఇంటి కరెంటు బిల్లులో కనబడు యూనిట్లే. పెట్రోలు కారులో ఇదంతయు బ్రేకుల వేడిగా గాలిలో కలిసిపోవును. విద్యుత్ కారులో మోటారే డైనమోగా మారి, అందులో చాలవరకు బ్యాటరీకి తిరిగి పంపును. ఆ పోటీ కారు పరుగెత్తునపుడు 300 కిలోవాట్లు ఖర్చు చేయగా, ఆగునపుడు 600 కిలోవాట్ల వరకు రాబట్టగలదు. ఖర్చుకంటె వసూలులో దిట్ట యన్నమాట! హుస్సేన్ సాగరము చుట్టూ అడుగడుగున ఆగుచు సాగు ఆటోలకు, బస్సులకు ఇంతకంటె పనికివచ్చు పాఠము లేదు. దానిని చెప్పు బోర్డు ఒక్కటి గట్టున పెట్టియుండిన ఎంత బాగుండెడిది!

ఇక కొండదారి. కొండనెక్కు కారుల పందెము పాత ఆట. ఇంగ్లండులోని షెల్స్లీ వాల్ష్ బాటపై 1905 నుండి జరుగుచున్నది. అమెరికాలోని పైక్స్ పీక్ కొండపై 2018 జూన్ 24న ఫ్రాన్సు దేశస్థుడు రొమాన్ డ్యూమా ఫోక్స్‌వ్యాగన్ వారి విద్యుత్ కారులో సుమారు 20 కిలోమీటర్లు, 156 మలుపులు, 7 నిమిషముల 57.148 సెకన్లలో ఎక్కినాడు. అంతకుముందు ఏ కారును అక్కడ 8 నిమిషముల లోపున ఎక్కలేదు. ఈ గెలుపులో విద్యుత్తు గొప్ప స్పష్టము. 4,302 మీటర్ల శిఖరమున గాలి పీడనము సముద్రమట్టమున ఉండుదానిలో నూటికి 60 వంతులే. పెట్రోలు యంత్రమునకు ప్రాణవాయువు చాలదు. గాలిని నొక్కి లోనికి పంపు టర్బో సాధనము ఆ కొరతను కొంత తీర్చును. మోటారుకు ఆ బాధయే లేదు.

ఈ ఆటను గూర్చియు ఒక మాట చెప్పవలెను. 1,100 కిలోల కారును ఆ దారిని 1,440 మీటర్లు పైకెత్తుటకు కావలసినది 4.3 యూనిట్లు మాత్రమే. ఒక చిన్న సంసారపు ఒకనాటి కరెంటు. మిగిలిన ఖర్చంతయు వేగమునకు, గాలిని చీల్చుటకు, చక్రముల రాపిడికి. పైగా అది ఎనిమిది నిమిషముల పని. దిగుటను ఎవరును లెక్కింపరు.

దిగుటను లెక్కింపవలసిన కొండ తెలుగునాటనే కలదు. 1944లో తెరచిన తిరుమల మొదటి ఘాటురోడ్డు నేడు దిగువారికి, 1974 నాటి రెండవది ఎక్కువారికి. 2022 సెప్టెంబరు నుండి ఆర్.టి.సి. వారి విద్యుత్ బస్సులు ఆ దారిని నడుచుచున్నవి. నిండు బస్సు 13 టన్నులు, ఎక్కు ఎత్తు 700 మీటర్లు అనుకొన్నచో, పైకెత్తుటకే 25 యూనిట్లు కావలెను. దిగునపుడు అందులో సగము వసూలైనను 12 యూనిట్లకు పైన. అది రోజుకు ఎన్నో మారులు, యాత్రికులతో, పందెపు డ్రైవరు లేకుండ జరుగు పరీక్ష. కాని దానికి గడియారము పట్టుకొని నిలుచువాడు లేడు, ప్రేక్షకుల గ్యాలరీయు లేదు. వసూలు చేయుటకు బ్యాటరీలో చోటుండవలెను గదా! కొండపైన నిండుగా చార్జి చేసికొని బయలుదేరిన బస్సు తిరిగి వచ్చు శక్తిని ఎక్కడ దాచును? అప్పుడు బరువంతయు మామూలు బ్రేకులపైననే పడును. క్రింద చార్జి చేసికొని ఎక్కిన బస్సుకు మాత్రము దిగుటకు ముందే బ్యాటరీలో ఖాళీ ఏర్పడి యుండును.