బెత్తెడు దూరము

గడచిన జ్యేష్ఠమాసమున, బడులు తెఱచుటకు కొలది దినములు ముందుగా, ఏడేండ్ల నా మనుమరాలు నా యొడిలో కూర్చుండి "తాతా, నేను డాన్సు నేర్చుకుంటా" అని పలికినప్పుడు, అది బాల్యసహజమైన ముచ్చటయని తలచి నవ్వి యూరకుంటిని గాని, వారము గడచినను ఆ మాట మఱవక, అన్నము తినునప్పుడును, పండుకొనునప్పుడును అదియే అడుగుచుండుట చూచి, ఇది ముచ్చట గాదు, ఆకలియని గ్రహించితిని. బిడ్డ ఆకలిగొన్నప్పుడు ఏమి పెట్టవలెనన్నది యెంత ముఖ్యమో, ఎవరిచేత పెట్టింపవలెనన్నదియు నంత ముఖ్యమే. అందుచేత ఒక నెల దినములు నెల్లూరి వీధులలో నాట్యశాలలను వెదకుచు తిరిగితిని.

ఈ విషయమున మాది అదృష్టము గల సీమ. ఉత్తరమున కృష్ణాజిల్లాలో కూచిపూడి, దక్షిణమున చెన్నపట్టణము. 1936లో రుక్మిణీదేవి అడయారున కళాక్షేత్రమును స్థాపించుటయు, 1963లో వెంపటి చినసత్యముగారు అదే పట్టణమున కూచిపూడి ఆర్ట్ అకాడమీని నెలకొల్పుటయు మాకు పొరుగింటి వార్తలు. అంతకంటెను దగ్గఱి సంగతి యొకటి కలదు. మొన్నమొన్నటిదాక మా జిల్లాలోనిదే యైన నాయుడుపేట పేరు, రాజమ్మయను ఆలయనర్తకి పేరితో కలసి నాట్యచరిత్రలో నిలిచినది. దేవదాసీ సమర్పణమును 1947 నాటి చట్టము నిషేధించినది. ఆ నిషేధము న్యాయమే. కాని అట్లు ఆలయములకు సమర్పింపబడిన ఆ స్త్రీల కంఠములందును, కనుబొమలయందును నిలిచియున్న విద్య వారితోనే అంతరింపనున్న కాలమున, నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు రాజమ్మవంటి వారిని వెదకికొని పోయి, శిష్యుడై నేర్చి, ఆ విద్యను ఆంధ్రనాట్యమను పేర మరల వేదిక నెక్కించిరి. లోకము గౌరవింపని యింట విద్య యున్నదని గుర్తించిన ఆ శిష్యుని చూపు, బోర్డు చూచి బడి నెన్నుకొను మనబోంట్లకు నేర్వదగినది.

మొదట నేను చూచిన నాట్యశాల, పేరు చెప్పను, అద్దముల గోడలతోను జ్ఞాపికలు నిండిన బీరువాలతోను కన్నులపండువుగా నుండెను. మూడు మాసములలో పిల్లను వేదిక నెక్కించెదమని వారు మాటయిచ్చిరి. లోన పిల్లలు రికార్డు పాటకు చేతులాడించుచుండిరి. చేతులు మనోహరముగనే యున్నవి గాని, పాదములు తాళమును వెదకికొనుచుండెను. ఒక్క పిల్లనైన ఆపి దిద్దినవారు లేరు; అందఱికిని "సూపర్" అను నొక్కటే మాట. తప్పును చూడని మెప్పు పిల్లను చూడని మెప్పే; అది పిల్లలకు తెలియకపోదు.

రెండవచోట పాదములు నిక్కముగా పలికెను. తొమ్మండుగురు పిల్లలు ఒక్క పాదమై నేలను మ్రోగించుచుండ నా మనస్సు పులకించెను. కాని తాళము తట్టు కఱ్ఱ పీటను విడిచి పిల్లల పిక్కలపైకి పోవుట రెండుమారులు చూచితిని. గురువు వెనుకగా నడచినప్పుడెల్ల వారి భుజములు చెవులదాక లేచుటయు చూచితిని. భయపడిన పిల్ల చేత పతాకహస్తమను ముద్ర నిలుచును గాని, మొగమున అభినయము నిలువదు. భావము రావలసిన చోటికి ముందుగనే భయము వచ్చి కూర్చుండును. తిరిగి వచ్చునప్పుడు నా మనుమరాలు దారిపొడవున నా చిటికెనవ్రేలు విడువలేదు.

మూడవది రంగనాయకులపేటలో ఒక పాత మిద్దెయింటి వెనుకటి వసారా. బోర్డు లేదు, పదునొకండు మంది పిల్లలు, ఒక మాస్టారు. మమ్ము చూచి, "పాపను ఈ పొద్దు చూడనీండి, రేపు మాట్లాడుకుందాం" అని గోడవార కూర్చుండబెట్టిరి. వెనుక వరుసలో నొక సన్నని పిల్ల, మోకాళ్లు ప్రక్కలకు వంచి నిలుచు అరమండిలో రెండావర్తములు గడవకమునుపే మోకాళ్లు లోపలికి వాలిపోవుచు, పెదవి కఱచుకొని ఆడుచుండెను. మాస్టారు తక్కినవారిని విశ్రమింపుమని, ఆ పిల్లయెదుట గొంతుకూర్చుండి, తన రెండరచేతులను ఆమె మోకాళ్లకు వెలుపల బెత్తెడు దూరమున నిలిపిరి. తాకలేదు. "నీ మోకాళ్లు వచ్చి నా చేతులకు తగలాలమ్మా. నేను లాగను, నువ్వే రావాల" అనిరి. పిల్ల ఊపిరి బిగబట్టి తొడలు విప్పెను. ఎడమ మోకాలు తగిలెను, కుడిది తగులలేదు. "ఎడమది వచ్చింది. కుడిది రేపు" అని లేచి, ముందువరుసలో అన్నియు ఇట్టే చేసి విసుగుతో దిక్కులు చూచుచున్న పెద్దపిల్లను పిలిచి, "నీకు కాళ్లు వచ్చినాయి. ఇప్పుడు కూర్చుని వీళ్లకు తాళం వెయ్యి. వీళ్లు తప్పితే నీ తాళం తప్పినట్టే" అని కఱ్ఱ నామె చేతికిచ్చిరి. ఆ పిల్ల వెన్ను నిటారుగా నిలిచినది.

నేను నెలదినములుగా వెదకుచున్నదంతయు ఆ బెత్తెడు దూరములో కనబడినది. చేయి మోకాలికి ఆనియున్న పిల్లకు శ్రమ లేదు. మూరెడు దూరమున నున్న పిల్లకు ఆశ లేదు. ఎవరికెంత దూరమున చేయి నిలుపవలెనో తెలిసి, అది నిలిచినంతసేపు తానును వంగి కూర్చుండగలవాడే గురువు.

నాట్యమునకు మొదటి మెట్లైన అడవులను నేర్పు పద్ధతిలోనే ఈ కొలత యిమిడియున్నది. ఒకే అడవును మూడు కాలములలో చేయింతురు. మొదటిదానికి రెండవది రెట్టింపు వేగము, దానికి మూడవది రెట్టింపు. చూచువారికి మూడవ కాలమే కష్టమని తోచును గాని, మొదటి కాలమును చక్కగా చేయుటయే కఠినము. ఏలయన వేగములో దాగిన తప్పు విళంబములో దాగదు. మడమ తేలినను, నడుము వంగినను, చూపు చేతిని విడిచినను ఎండలో పెట్టినట్లు తెలియును. రెండవ కాలమునుండి పిల్లను మొదటి కాలమునకు మరలించుట శిక్షగా గాక, మరియొక యవకాశముగా తోపజేయువాడు మంచి గురువు. నందికేశ్వరుడు అభినయదర్పణమున నర్తకికి కావలసిన పది పాత్రప్రాణములను పేర్కొనుచు, జవమును, అనగా వేగమును, చెప్పి వెంటనే స్థిరత్వమును చెప్పెను. ఆ పదింటిలో మేధయు శ్రద్ధయు కలవు. మేధ కొంత పుట్టుకతో వచ్చును. శ్రద్ధ మాత్రము, తన్ను నిజముగా చూచువారొకరు కలరని పిల్ల నమ్మిననాడు మొలకెత్తును.

కావున ఈ వెదకులాటలో నున్న తల్లిదండ్రులకు నేను విన్నవించునది కొంచెమే. ఒక సాయంకాలము పోయి, మాటాడక, వెనుకవరుసను చూచుచు కూర్చుండుడు. ముందువరుస గురువు కీర్తిని చూపును, వెనుకవరుస గురువు విద్యను చూపును. నేలను చూడుడు, సిమెంటు గచ్చుపై గంటల తరబడి పాదాఘాతము చేసిన లేతకాళ్లకు ముంగాలి యెముకలు నొచ్చును. చెక్కనేల యుత్తమము, అది లేనిచోట అభ్యాసమునకు మితము తెలిసిన గురువైన కావలెను. అరమండిని తొడ మొదటినుండి విప్పించుచున్నారో, మోకాలిని మెలిపెట్టించుచున్నారో గమనింపుడు. పిల్ల నొప్పియన్నప్పుడు గురువేమనునో వినుడు. అరంగేట్రమెప్పుడని గాక, గజ్జె కట్టుటకు ముందేమి నేర్పెదరని అడుగుడు. ఆహార్యమునకు, వాద్యబృందమునకు, రంగమందిరపు అద్దెకు అగు వ్యయమును మొదటనే అడుగుటకు సిగ్గుపడకుడు.

మా పాప ఆ వసారాలో చేరి పదినెలలైనది. ఇంకను వేదిక యెక్కలేదు. మొన్న ఆదివారము మైపాడు సముద్రతీరమునకు పోతిమి. పాలెమువారు అలివివలను లాగి మడుచుకొనుచున్న వేళ, అల వెనుకకు పోయిన తడియిసుకపై పిల్ల చెప్పులు విడిచి, అరమండిలో నిలిచి, నాలుగడుగులు తట్టి, ప్రక్కకు దుమికి, తన పాదముల జాడలను వంగి చూచినది. "తాతా, కుడికాలు లోపలి పక్క లోతుగా పడింది, చూడు" అని తన తప్పును తానే పట్టుకొనినది. మరల నిలిచి, "చేతులు పెట్టు" అనినది. నేను ఇసుకలో గొంతుకూర్చుండి, పాపకు సులువగునని అరచేతులను చేరువగనే నిలిపితిని. నా చేతులవంక చూచి, తల అడ్డముగా నూపి, "అంత దగ్గర కాదు తాతా. ఇంకొంచెం జరుపు" అనినది.

జరిపితిని.