బీబీ మర్యం మీద ఎవరి పహరా?

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జగ్గయ్యపేట, నందిగామల నుంచి బెజవాడ పోయే బస్సుల్లో నిలబడ్డానికి కూడా చోటు దొరకదు. జనమంతా గుణదల కొండకే. ఇటలీ నుంచి వచ్చిన అర్లాటి ఫాదర్ 1924లో నిలిపిన మరియమాత దగ్గరికి. అక్కడ తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, పిల్లల్లేనివాళ్ళు పిల్లల కోసం మొక్కుకుంటారు. వాళ్ళల్లో ఆర్‌సీఎం వాళ్ళే కాదు, బొట్టు పెట్టుకున్నవాళ్ళుంటారు, బురఖా మడిచి సంచిలో పెట్టుకున్న మా ఆడవాళ్ళూ ఉంటారు. మావాళ్ళు ఆ సంగతి మసీదు దగ్గర చెప్పుకోరు.

మరియమ్మ గురించి మీకేం తెలుసని మమ్మల్ని అడిగే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. తురకోళ్ళంటే అరబ్బు నుంచి ఊడిపడ్డవాళ్ళనీ, ఇరుగుపొరుగు దేవుళ్ళతో మాకు చుట్టరికం లేదనీ వాళ్ళ లెక్క. ఖురాన్‌లో పేరు పెట్టి చెప్పిన స్త్రీ ఒక్కరే. ఆమె మర్యం. 34 సార్లు ఆ పేరు వస్తుంది. పందొమ్మిదో సూరా ఆమె పేరు మీదే ఉంది, 98 ఆయతులు. మగవాడి స్పర్శ లేకుండానే ఆమె ఈసాను కన్నదని మేమూ నమ్ముతాం. ఈసా దేవుని కుమారుడు కాదు, ప్రవక్త అన్న దగ్గర మేమూ కిరస్తానీలూ విడిపోతాం. అంటే ఈ వ్యాసంలో మా తగువు అద్భుతం జరిగిందా లేదా అని కాదు. ఆ అద్భుతాన్ని అడ్డం పెట్టుకుని ఆడదాని ఒంటి మీద పహరా పెట్టినవాళ్ళతో. వాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు.

కాథలిక్ సభ చెప్పేది ఏమిటంటే, మరియమ్మ పురుడుకి ముందూ కన్యే, పురుడులోనూ కన్యే, ఆ తర్వాత జీవితమంతా కన్యే. బాప్టిస్టులూ, సీఎస్‌ఐ వాళ్ళూ మొదటిదాన్ని ఒప్పుకుంటారు, మిగతా రెండూ తమ బోధలో పెట్టుకోరు. ఆ మధ్యది, పురుడులోనూ కన్యే అన్నది, మమ్మల్ని ఆపుతుంది. బిడ్డ బయటికి వచ్చినా తల్లి ఒంటికి ఏమీ కాలేదనడంలో ఎవరి భయం ఉంది? బైబిల్లో చేరని ఒక పాత పుస్తకం ఉంది, యాకోబు పేరు మీద, రెండో శతాబ్దం నాటిది. మరియమ్మ తల్లిదండ్రులు యోవాకీము, అన్న అన్న పేర్లు కూడా దాన్నుంచి వచ్చినవే. అందులో పురుడు అయ్యాక సలోమీ అనే ఆమె వస్తుంది. నమ్మదు. బాలింతరాలిని చెయ్యి పెట్టి పరీక్షిస్తుంది. ఆ చెయ్యి కాలిపోతుంది, తర్వాత బిడ్డను ఎత్తుకుంటే బాగవుతుంది. పరీక్షించినందుకు శిక్ష పడిందని సంతోషించడానికి లేదు. ఆ కథకు ఆ పరీక్ష అవసరమైంది. ఒక ఆడదాని మాట చాలలేదు, ఇంకొక ఆడదాని చేతి సాక్ష్యం కావలసి వచ్చింది.

ఇంకొక పొరపాటు మా ప్రాంతంలో చదువుకున్నవాళ్ళు కూడా చేస్తారు. ‘నిష్కళంక’ అన్న మాటని కన్యగా కనడంతో కలిపేస్తారు. రెండూ వేరు. తొమ్మిదో పయస్ పోపు 1854లో ప్రకటించింది మరియమ్మ తన తల్లి కడుపున పడ్డప్పుడే జన్మపాపం అంటలేదని. నాలుగేళ్ళకి, 1858లో, ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పేదపిల్లకు కనిపించిన అమ్మ తనను ఆ పేరుతోనే చెప్పుకుందంటారు. గుణదల అమ్మ ఆ లూర్దు అమ్మే. తెల్లబట్టలు, నీలం నడికట్టు, జోడించిన చేతులు. లూర్దు రూపంలో ఆమె చంకన బిడ్డ లేడు.

ఇక మా మర్యం. ఖురాన్‌లో ఆమె పురుడుకి మంత్రసాని లేదు. జనానికి దూరంగా వెళ్ళిపోయింది. నొప్పులు పడింది. ఖర్జూరపు మొద్దు పట్టుకుంది. ఇంతకుముందే చచ్చిపోయి అందరూ మరిచిపోయినా బాగుండేదనుకుంది. కాళ్ళకింద నీటి ఊట ఉందనీ, చెట్టు ఊపితే పండ్లు రాలతాయనీ ఆమెకు వినిపించింది. తర్వాత ఆమె చేసిన పనిని మేము చాలాసార్లు ఆలోచించాం. బిడ్డను ఎత్తుకుని తన జనం ముందుకే వచ్చింది. నిందకు జవాబు చెప్పలేదు, బిడ్డవైపు చూపింది. ఒళ్ళో బిడ్డే మాట్లాడాడు.

ఇక్కడ మాకు కుంతి గుర్తుకొస్తుంది. తెలుగువాళ్ళకి కన్య తల్లి కొత్త కాదు. కన్యకు పుట్టినవాణ్ణి ‘కానీనుడు’ అనడానికి భాషలో మాటే ఉంది. కర్ణుడు కానీనుడు, వ్యాసుడు కానీనుడు. సూర్యుడు కుంతికి ఇచ్చిన అభయం కూడా కన్యత్వం చెడదనే. అయినా ఆమె బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలింది. దేవుడి వరం ఉన్నా లోకానికి చెప్పే ధైర్యం లేకపోయింది. మర్యం చేతిలో వరం కన్నా ఎక్కువేం లేదు, కానీ ఆమె ఊళ్ళోకి నడిచి వచ్చింది. ఇది మా మతం గొప్పని చెప్పడానికి కాదు. కుంతిని నది ఒడ్డుకి తోలిన సమాజమే మర్యంని ఊరవతలికి తోలింది.

అసలు ‘కన్య’ అన్న మాటే చూడండి. పెళ్ళికాని పిల్ల అనీ అర్థం, మగవాడి స్పర్శ ఎరగనిదనీ అర్థం. యెషయా గ్రంథంలోని హీబ్రూ మాట ‘అల్మా’కి వయసులో ఉన్న పిల్ల అని అర్థమైతే, గ్రీకులోకి వచ్చేసరికి అది కచ్చితంగా అక్షతయోని అయిందని పండితులు ఎప్పటినుంచో తగువులాడుతున్నారు. తెలుగులో ఆ తగువు అక్కర్లేకపోయింది, ఒక్క మాటే రెండర్థాలనూ మోసింది. ఆ మాటతోనే మనం కన్యాదానం చేస్తాం. ఆ మాటకే కన్యాశుల్కం అని వెల కూడా కట్టాం.

మా ఉర్దూ సంగతీ చెప్పుకోవాలి. మా ఇళ్ళల్లో ఆడపిల్లలకి బతూల్ అని పేరు పెడతారు. అది మర్యంకీ బిరుదే, హసన్ హుసేన్‌ల తల్లి బీబీ ఫాతిమాకీ బిరుదే. ఇద్దరు కొడుకుల తల్లిని కూడా బతూల్ అన్నారంటే, ఆ మాట లోకం నుంచి తెగి అల్లా వైపు తిరిగినదని చెప్పే మాట. ఎంత మంచి అర్థం! కానీ నెలసరి అంటని స్త్రీ అని అర్థం చెప్పిన పండితులు మాలోనూ ఉన్నారు. ఒంటిమీద చూపు వాళ్ళకీ తప్పలేదు. పదకొండో శతాబ్దంలో స్పెయిన్‌లో ఇబ్న్ హజ్మ్ మర్యంని నబీల్లో లెక్కించాలని వాదించాడు, ఆమెతో ఫరిష్తా మాట్లాడాడు కదా అని. ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పోయారు, అలాంటి వాదన ఒకటి ఉందని మా ఆడపిల్లలకి ఎవరూ చెప్పరే! వాళ్ళకి చెప్పేది ఒక్కటే, బీబీ మర్యంలా పాక్‌దామన్‌గా ఉండు, బడి మానెయ్, గడప దాటకు. ఆమె గడప దాటే కన్నదన్న సంగతి ఆ బోధలో ఉండదు.

మతం మారినా మా మెట్ట ఊళ్ళలో ఈ లెక్క మారదు. నందిగామకీ జగ్గయ్యపేటకీ నడుమ, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ ఉంది. అత్తింటి ఆరళ్ళు పడి, భర్త గోపయ్య పులివాత పడ్డాక అగ్నిలో కలిసిందని కథ. బతికుండగా ఆమె పక్కన నిలబడ్డవాళ్ళెందరో తెలీదు గానీ, ఇప్పుడు తిరునాళ్ళకి బండ్లు కట్టుకుని పోతాం. దూదేకుల మర్యంబీ అయినా, మాదిగపల్లె మరియమ్మ అయినా, మిరపకోతకు పోయి చీకటిపడ్డాక ఇంటికొస్తే అడిగే ప్రశ్న ఒకటే. జమాత్ పెద్దలు అడిగినా, కులపెద్దలు అడిగినా, అత్త అడిగినా ఒకటే.

ఖురాన్ మర్యం మీద వేసిన నిందని ఘోరమైన అభాండం అంది. నూర్ సూరాలో, శీలవతి మీద నిందవేసి నలుగురు సాక్షుల్ని తేలేనివాడికి ఎనభై కొరడా దెబ్బలు చెప్పింది, ఆ మీదట వాడి సాక్ష్యం ఎన్నటికీ చెల్లదంది. సాక్ష్యం తెచ్చే బరువు నింద వేసినవాడి మీద ఉంది, ఆడదాని మీద లేదు. కొరడాలు పట్టుకోమని మేం జమాత్‌ని అడగడం లేదు. తలాఖ్ పంచాయితీల్లో, భార్య నడత బాగాలేదని చెప్పే మొగుణ్ణి, సాక్షులేరని ముందు అడగమంటున్నాం. పిల్లని ఖురాన్ మీద చెయ్యి వెయ్యమనే ముందు.